స్ప్రింగులు మార్చి రెండో గేరు పోగొట్టుకున్నాను: బైక్ ఇంజిన్ ట్రాక్ కారు డైరీ

బండి సంగతి ముందే ఒకసారి చెప్పేస్తే ప్రతి వారం మళ్లీ రాసే పనుండదు. ఉక్కు గొట్టాల ఛాసిస్, రెండు సీట్లు, పైకప్పు లేదు. ముందు భాగంలో సుజుకీ జీఎస్ఎక్స్-ఆర్ 1000 ఇంజిన్, 2005 నాటి కె5, 999 సీసీ. బైకులో ఎడమ పక్కనుండే చెయిన్ స్ప్రాకెట్ కారులో వెనక్కి చూసేలా ఇంజిన్‌ను 90 డిగ్రీలు తిప్పి కూర్చోబెట్టాను. స్ప్రాకెట్ స్థానంలో ఒక ఫ్లాంజి, దానికి ప్రొపెల్లర్ షాఫ్టు, ఆ చివర 3.14 డిఫరెన్షియల్ (షాఫ్టు 3.14 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు). నాతో కలిపి బరువు 600 కిలోలు. రివర్సు గేరు లేదు. వెనక్కి వెళ్లాలంటే మా తమ్ముడు తోస్తాడు.

1వ వారం

తిన్నని దారిలో నాలుగో గేరు, పూర్తి థ్రాటిల్. 8000 దాటాక ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా 10000 మీదికి ఎగిరింది, బండి వేగం మాత్రం ఉన్నచోటే ఉంది. క్లచ్ జారుతోందన్నమాట. ముందు ఆయిల్ మీద అనుమానపడ్డాను. బైక్ క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి పనిచేస్తుంది, కార్ల ఆయిల్లో రాపిడి తగ్గించే మందులు ఎక్కువుంటే ప్లేట్లు పట్టు వదిలేస్తాయి. నేను పోసింది జాసో ఎంఏ2 గుర్తున్న 10డబ్ల్యూ-40, ఆయిల్లో మునిగే బైకు క్లచ్‌లకు సరిపడుతుందని చెప్పే గుర్తు అది. అందులో తప్పేం లేదు.

ఇక మిగిలింది అందరూ చెప్పే మాటే: "బైకు క్లచ్ బైకు బరువుకి చేసింది, కారుకి ఎలా ఆగుతుంది? గట్టి స్ప్రింగులు వెయ్యి." వేశాను. రేడియేటర్ దింపితే గానీ క్లచ్ మూత చేతికి అందదు, అదొక పూట పని. క్లచ్ అంటే స్ప్రింగులు నొక్కి పట్టే ప్లేట్ల దొంతర, ఒక ఫ్రిక్షన్ ప్లేటు, ఒక స్టీలు ప్లేటు చొప్పున. ఫ్రిక్షన్ ప్లేట్ల మందం కొలిస్తే అన్నీ పరిమితిలోనే ఉన్నాయి. స్టీలు ప్లేట్లలో ఒకటి కాస్త నీలం తిరిగింది, దాన్ని మార్చాను. పాత స్ప్రింగుల కంటే పావు వంతు గట్టివి వేసి, ఎందుకైనా మంచిదని ఒక్కోదాని కింద 1.5 మిల్లీమీటర్ల వాషరు కూడా పెట్టాను.

జారుడు పోయింది. ఆ రోజు డైరీలో రాసుకున్నది ఒక్క మాటే: "అయిపోయింది."

3వ వారం

అయిపోలేదు. పెడల్ బండరాయిలా తయారైంది, అదొక్కటే అయితే ఓర్చుకునేవాణ్ని. ఆగి ఉన్నప్పుడు న్యూట్రల్ పడటం లేదు. మొదటి గేరులో క్లచ్ పూర్తిగా తొక్కి ఉంచినా బండి ముందుకు పాకుతోంది, బ్రేకు మీద కాలు తియ్యడానికి లేదు. న్యూట్రల్ కావాలంటే ఇంజిన్ ఆపేయాలి. (ఈ విషయంలో కవాసాకీ వాళ్లది మంచి బుద్ధి. బండి ఆగి ఉంటే మొదటి గేరు నుంచి పైకి ఎంత లేపినా న్యూట్రల్ దాటి రెండులోకి పోకుండా వాళ్ల గేర్ బాక్సులో చిన్న ఏర్పాటు ఉంటుంది. నా ఇంజిన్‌కి అలాంటిదేమీ లేదు.)

అన్నిటికంటే దారుణం రెండో గేరు. మలుపు నుంచి బయటికొస్తూ థ్రాటిల్ నొక్కగానే టపీమని ఊడిపోతోంది. ఇంజిన్ అరుపు, వెనక నుంచి తోపు సున్నా. ఒకే పూటలో నాలుగుసార్లు ఊడింది.

నా తీర్పు అప్పుడే వచ్చేసింది: గేర్ బాక్సు పోయింది. బైకు గేర్లకు కార్లలో ఉండే సింక్రోలు, అంటే గేరు పడేముందు వేగాలు కలిపే రింగులు, ఉండవు. గేరు చక్రాలన్నీ ఎప్పుడూ ఒకదానితో ఒకటి పట్టుకునే తిరుగుతుంటాయి. మనం గేరు వేస్తే షిఫ్ట్ డ్రమ్ అనే గాడుల గొట్టం తిరిగి, దాని గాడిలో కూర్చున్న ఫోర్కు ఒక చక్రాన్ని పక్కకి జరుపుతుంది. ఆ చక్రం పక్కనున్న మొద్దు పళ్లు, డాగ్స్ అంటాం, ఎదుటి చక్రం కన్నాల్లో దూరి పట్టుకుంటాయి. ఆ పళ్ల అంచులు గుండ్రంగా అరిగితే లోడు పడగానే బయటికి జారతాయి. రెండో గేరు ఊడిపోవడానికి పుస్తకాల్లో ఉండే మొదటి కారణం అదే.

ఇంజిన్ దింపడానికి పానాలు తీశాను కూడా. తమ్ముడు ఆపాడు. "అన్నా, ఊడేటప్పుడు లివర్ నీ చేతిలో కదిలిందా?" అని అడిగాడు. కదిలింది. అసలు థ్రాటిల్ నొక్కిన ప్రతిసారీ లివర్ కొంచెం కదులుతూనే ఉంది. నేను దాన్ని ఇంజిన్ వణుకు కింద కొట్టేశాను.

4వ వారం

వాడి ఫోన్‌ను గొట్టానికి కట్టి, గేరు రాడ్డు మీద గురిపెట్టి, స్లో మోషన్‌లో తీశాం. షిఫ్ట్ షాఫ్టు మీద ఆర్మ్ చివర తెల్ల పెయింటుతో ఒక చుక్క, ఛాసిస్ మీద ఇంకో చుక్క.

వీడియో చూశాక పానాలు మళ్లీ పెట్టెలో పెట్టేశాను. నా లివర్ నుంచి ఒక రాడ్డు, ఛాసిస్‌కి బిగించిన బెల్ క్రాంకు (కదలిక దిశ మార్చే ఎల్ ఆకారపు ముక్క), అక్కడి నుంచి షిఫ్ట్ ఆర్మ్‌కి నిలువుగా ఇంకో పొట్టి రాడ్డు, ఇదీ నా ఏర్పాటు. ఇంజిన్ మాత్రం రబ్బరు మౌంట్ల మీద కూర్చుంది. థ్రాటిల్ నొక్కగానే టార్కుకి ఎదురుగా ఇంజిన్ మొత్తం పక్కకి ఒరుగుతోంది. ఇంజిన్ ఒరిగితే షిఫ్ట్ ఆర్మ్ కూడా దాంతో పోతుంది, బెల్ క్రాంకు ఛాసిస్‌తో ఉండిపోతుంది. అంటే నేను చెయ్యి వెయ్యకపోయినా ఇంజిన్ తన గేరును తానే పీకుతోంది. తెల్ల చుక్క దాదాపు 6 మిల్లీమీటర్లు కదిలింది. నా ఆర్మ్ మీద గేరు పడటానికి కావాల్సింది అటూ ఇటూ 15 మిల్లీమీటర్లే.

ఇంకోటి కూడా కనబడింది. లివర్ లాగినప్పుడు బెల్ క్రాంకు బ్రాకెట్ వంగుతోంది. లివర్ చివరిదాకా వచ్చిందని నేననుకుంటున్నాను, ఆర్మ్ మూడొంతుల దూరమే తిరుగుతోంది. డాగ్స్ పూర్తి లోతు దూరకుండా అంచుల మీద పట్టుకుంటే ఎంతసేపు నిలుస్తాయి?

5, 6 వారాలు

రాడ్లు పీకేసి పుష్-పుల్ కేబుల్ వేశాను. ఈ పనిలో అసలు కిటుకు ఒకటే. కేబుల్ పై తొడుగు చివరను ఛాసిస్‌కి కాకుండా ఇంజిన్ కేసుకి బిగించాలి. అప్పుడు ఇంజిన్ ఎటు ఒరిగినా తొడుగు, లోపలి తీగ, ఆర్మ్ మూడూ కలిసే కదులుతాయి, మధ్యలో తేడా రాదు. ఫ్లాంజి దగ్గరున్న రెండు కేసు బోల్టుల మీద 6 మిల్లీమీటర్ల అల్యూమినియం బ్రాకెట్ కట్టాను.

కేబుల్ లాగితే గట్టిగా పనిచేస్తుంది, తోస్తే కొంచెం నలుగుతుంది. అందుకే పై గేర్లకు లాగేలా అమర్చాను. లివర్ వెనక్కి లాగితే పై గేరు, ముందుకు తోస్తే కింది గేరు. బ్రేకు కొట్టినప్పుడు ఒళ్లు ఎలాగూ ముందుకే పోతుంది కాబట్టి చేతికి కూడా అదే సుఖం. న్యూట్రల్ స్థితిలో ఆర్మ్‌కీ కేబుల్‌కీ మధ్య సరిగ్గా 90 డిగ్రీలు ఉండేలా స్ప్లైను (షాఫ్టు మీది సన్న పళ్లు) మీద ఆర్మ్‌ను రెండు పళ్లు జరిపాను. అది తప్పితే ఒకవైపు గేరు తేలిగ్గా, ఇంకోవైపు బరువుగా పడుతుంది.

లివర్ దగ్గర రెండు ఆపుడు బోల్టులు కూడా పెట్టాను. బైకు మీద కాలి వేళ్లతో వేసే గేరు అది. కారులో భుజబలంతో లాగితే లోపలున్న సన్నటి పిన్నులు, షాఫ్టు వంగిపోతాయి. షిఫ్ట్ షాఫ్టు తన చివరికి చేరిన క్షణంలోనే లివర్ బోల్టుకి ఆనుకునేలా, ఫీలర్ గేజ్‌తో, అంటే సందు కొలిచే సన్న రేకులతో, చూస్తూ అర మిల్లీమీటరు తేడాలో అమర్చాను.

నడిపి చూస్తే గేర్లు టక్కుటక్కుమని పడుతున్నాయి. రెండో గేరు మధ్యాహ్నం దాకా ఒక్కసారి కూడా ఊడలేదు. మధ్యాహ్నం తర్వాత ఒకసారి ఊడింది. న్యూట్రల్ గోల మాత్రం వెంట్రుకవాసి కూడా తగ్గలేదు.

7వ వారం

మళ్లీ రేడియేటర్ దింపాను. ఈసారి పిసరంత కదలిక కూడా కొలిచే డయల్ గేజ్ అరువు తెచ్చుకుని ప్రెషర్ ప్లేటు (దొంతరను నొక్కి పట్టే పై ప్లేటు) మీద పెట్టి, తమ్ముణ్ని పెడల్ తొక్కమన్నాను.

1.1 మిల్లీమీటర్లు. అంతే లేచింది.

"ఇంకా గట్టిగా తొక్కు" అన్నాను. "అన్నా, సీటు వెనక్కి పోతోంది గానీ ఇది దిగట్లేదు" అన్నాడు. చూస్తే కేబుల్ కట్టిన రేకు బ్రాకెట్ విల్లులా వంగుతోంది. తొక్కిన బలమంతా అక్కడే ఖర్చయిపోతోంది. ప్లేటు ఎందుకు లేవట్లేదో స్ప్రింగును చూస్తే తెలిసిపోయింది. గట్టి స్ప్రింగుల తీగ లావు, పైగా కింద నేను పెట్టిన వాషరు. నొక్కుకుపోయి చుట్టకి చుట్ట తగిలిపోయాయి. ఇక అది స్ప్రింగు కాదు, ఇనప కడ్డీ. ఎంత తొక్కినా లేవదు.

క్లచ్‌లో రాపిడి ముఖాలు ఇరవై దాకా ఉంటాయి. 1.1 మిల్లీమీటర్లను వాటన్నిటికీ పంచితే ఒక్కో సందుకి 0.05 మిల్లీమీటర్లు. ఆయిల్ పొరే ఆ సందులో ప్లేట్లను కలిపి లాక్కుపోతుంది. క్లచ్ తొక్కినా గేర్ బాక్సులోకి టార్కు వెళ్తూనే ఉంది. లోడు మీదున్న డాగ్స్‌ను నేను మూడు వారాలు బలవంతంగా పీకి, బలవంతంగా దూర్చాను.

అక్కడితో అవ్వలేదు. పెడల్ వదిలేశాక కూడా కేబుల్ బిగువుగానే ఉంది, పిసరంత వదులు లేదు. పెడల్‌కి వెనక్కి లాగే స్ప్రింగు నేను పెట్టలేదు. పెడల్ తన బరువుతో తానే కేబుల్‌ను లాగుతూ వేలాడుతోంది, దాని మీద నా ఎడమ కాలు ఆనితే ఇంకొంచెం. అంటే మొదటి వారంలో నాలుగో గేరులో జారింది స్ప్రింగులు చాలక కాదు. క్లచ్ ఎప్పుడూ సగం తొక్కినట్టే ఉంది! ఇంజిన్ ఇచ్చే టార్కు బైకులో ఎంతో కారులోనూ అంతే, బండి బరువు పెరిగినంత మాత్రాన ప్లేట్ల మీదికి అదనపు టార్కు రాదు. పరుగులో ఉన్నప్పుడు కంపెనీ స్ప్రింగులు దాన్ని హాయిగా పట్టుకోగలవు. ఇంత చిన్న లెక్క మొదటి రోజే వేసుంటే ఈ డైరీలో సగం పేజీలు ఉండేవి కావు.

చేసిన పనులు: కంపెనీ స్ప్రింగులు వెనక్కి వచ్చాయి, వాషర్లు చెత్తబుట్టలోకి పోయాయి. పెడల్‌కి రిటర్న్ స్ప్రింగు. కేబుల్‌కి ఆర్మ్ దగ్గర 3 మిల్లీమీటర్ల వదులు. రేకు బ్రాకెట్ బదులు 8 మిల్లీమీటర్ల పట్టీ. పెడల్ కింద ఆపుడు బోల్టు కూడా తప్పనిసరి, ఎందుకంటే బైకులో చేతి లివర్ హ్యాండిల్‌కి తగిలి ఆగుతుంది, కాలికి అలాంటి అడ్డు ఉండదు.

మూత తీసే ఉంది కదా అని బాస్కెట్, అంటే ప్లేట్లు కూర్చునే గిన్నె, కూడా చూశాను. ప్లేట్ల చెవులు కొట్టుకుని బాస్కెట్ వేళ్ల మీద గంట్లు పడ్డాయి. చెవులు ఆ గంట్లలో ఇరుక్కుంటే ప్లేట్లు సాఫీగా విడిపోవు. సన్న ఆకురాయితో సమం చేశాను, ఎక్కువ అరగదీస్తే వదులు పెరుగుతుందని చెయ్యి బిగబట్టుకుని. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను రాత్రంతా ఆయిల్లో నానబెట్టి పొద్దున వేశాను. పొడిగా వేస్తే మొదటి స్టార్టులోనే మాడిపోయే ప్రమాదం ఉంది.

మళ్లీ డయల్ గేజ్: 2.1 మిల్లీమీటర్లు. పెడల్ ఇప్పుడు చిన్నపిల్లలైనా తొక్కగలరు. న్యూట్రల్ అడిగిన ప్రతిసారీ పడుతోంది.

8వ వారం, పానా ముట్టుకోలేదు

బరువుతో క్లచ్‌కి పరుగులో పనిలేదన్నాను. బయల్దేరేటప్పుడు మాత్రం ఉంది. ఇంజిన్‌ను ఒకే ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి క్లచ్ జార్చుకుంటూ కదిలితే, ప్లేట్లు పూర్తిగా పట్టుకునే సమయానికి బండిలోకి ఎంత శక్తి ఎక్కుతుందో దాదాపు అంతే శక్తి వేడిగా ప్లేట్లలోకి పోతుంది. నా మొదటి గేరు 2.562, ప్రైమరీ (ఇంజిన్ నుంచి క్లచ్‌కి వచ్చే నిష్పత్తి) 1.553, డిఫరెన్షియల్ 3.14. టైరు ఒక చుట్టుకి 1.75 మీటర్లు. 5000 దగ్గర క్లచ్ పూర్తిగా పట్టేసరికి వేగం గంటకు 42 కిలోమీటర్లు. 600 కిలోలకు ఆ వేగంలో 41 కిలోజౌళ్లు. ప్రతి స్టార్టుకీ అంత వేడి ఆ పల్చటి స్టీలు రేకుల్లోకి దిగుతోంది. నీలం తిరగక ఏం చేస్తుంది?

అదే 3.62 డిఫరెన్షియల్ వేస్తే ప్లేట్లు పట్టే వేగం 36.5కి పడిపోతుంది. శక్తి వేగం వర్గంతో మారుతుంది కాబట్టి వేడి 31 కిలోజౌళ్లకు దిగుతుంది. పావు వంతు మిగులు. ఏ గట్టి స్ప్రింగూ ఈ పని చెయ్యలేదు. ఆరో గేరులో 12000 దగ్గర 204 వెళ్లాల్సింది 177తో ఆగిపోతుంది, అదీ నష్టం. నేను తిరిగే మలుపుల ట్రాక్ మీద ఎప్పుడూ 165 దాటలేదు. క్లచ్‌కి అన్నిటికంటే మంచి అప్‌గ్రేడ్ బండి వెనక భాగంలో ఉందని తెలిసి నాకే నవ్వొచ్చింది. డిఫరెన్షియల్ మార్చాను. దాని గురించి రాయడానికేం లేదు, బరువుగా ఉంటుంది, వేలు నలిగింది.

10వ వారం

రెండో గేరు మళ్లీ ఊడింది. కేబుల్ బాగుంది, క్లచ్ బాగుంది, ఆర్మ్ పూర్తిగా తిరుగుతోంది, వీడియో సాక్ష్యం ఉంది. అయినా 9000 దగ్గర పూర్తి లోడులో పది ల్యాపులకు ఒకసారి టప్. ఇక ఒప్పుకోక తప్పలేదు: మొదట్లో డాగ్స్ బాగానే ఉండుంటాయి, ఆ మూడు వారాల్లో నేనే పాడు చేశాను.

ఇంజిన్ దిగింది. ఈ ఇంజిన్ కేసు అడ్డంగా విడిపోతుంది, గేర్లు చూడాలంటే మొత్తం తిరగేసి కింది భాగం విప్పాల్సిందే. ఆరో గేరు చక్రమే పక్కకి జరిగి రెండో గేరును పట్టుకుంటుంది. ఆ చక్రం డాగ్స్ అంచులు వాడేసిన సబ్బు బిళ్లలా గుండ్రబడ్డాయి. ఫోర్కు కొస మీద ఒక పక్క మాత్రమే మెరుగు, వేడికి రంగు మారిన మచ్చ. ఇంజిన్ ఒరిగి గేరును పీకినప్పుడల్లా ఎదురు నిలిచింది ఆ ఫోర్కే, పాపం.

ఫోర్కు కొత్తది. రెండు, ఆరు గేర్ల డాగ్స్‌ను అండర్‌కట్ చేయించాను. అంటే డాగ్ పక్క ముఖాన్ని నిలువుగా వదలకుండా, మొదలు కంటే కొస కాస్త వెడల్పుగా ఉండేలా కొన్ని డిగ్రీలు లోపలికి వంపుగా సాన పట్టడం. అప్పుడు లోడు పెరిగేకొద్దీ రెండు చక్రాలూ విడిపోవడానికి బదులు ఒకదాన్నొకటి లోపలికి లాక్కుంటాయి. దీనికీ ఒక ఖరీదుంది. లోడు పూర్తిగా తీసేస్తే తప్ప గేరు వదలదు. నిర్లక్ష్యంగా సగం థ్రాటిల్లో లాగితే రాదు.

సాన పట్టించి తెచ్చాక గుడ్డిగా బిగించలేదు. డాగ్స్ మీద నీలం మార్కర్ పూసి రెండు చక్రాలనూ చేత్తో కలిపి తిప్పి చూశాను. అన్ని డాగ్స్ మీదా రంగు సమంగా చెరగాలి. నావాటిలో ఒకటి అసలు తగల్లేదు. మిగతావే లోడంతా మోస్తాయన్నమాట. వెనక్కి పంపి సరిచేయించుకునేసరికి ఇంకో వారం పోయింది.

డ్రమ్ చివరి నక్షత్రం చక్రం మీద నొక్కే రోలర్ స్ప్రింగును కూడా కాస్త గట్టిది వేశాను. ఈ స్ప్రింగు విషయంలో మాత్రం గట్టిది వేసినందుకు ఇప్పటిదాకా పశ్చాత్తాపపడలేదు.

13వ వారం

అండర్‌కట్ గేర్లకు లోడు తీసేయాలి. ప్రతిసారీ పాదం ఎత్తితే సమయం పోతుంది. ఇగ్నిషన్ కట్ పెట్టాను. పై గేరు లాగిన క్షణంలో నాలుగు కాయిళ్లకూ కరెంటు కాసేపు ఆపే చిన్న పెట్టె అది. పాదం థ్రాటిల్ మీదే ఉంటుంది, స్పార్కు లేనంతసేపు టార్కు ఉండదు, డాగ్స్ వదులవుతాయి, గేరు మారిపోతుంది.

ఎంతసేపు ఆపాలన్నదే అసలు పని. మొదట అన్ని గేర్లకూ 40 మిల్లీసెకన్లు పెట్టాను. మూడు నుంచి పైకి బాగానే ఉంది, ఒకటి నుంచి రెండుకి మాత్రం గేరు సగంలో ఆగి స్పార్కు తిరిగొచ్చేస్తోంది. కారణాలు రెండు. మధ్యలో న్యూట్రల్ ఉంది కాబట్టి డ్రమ్ ఎక్కువ తిరగాలి. పైగా నిష్పత్తుల తేడా అక్కడే ఎక్కువ. 12000లో మారిస్తే ఇంజిన్ 9600కి దిగాలి. అదే అయిదు నుంచి ఆరుకి 11200కి దిగితే చాలు. ఒకటి-రెండుకి 80, రెండు-మూడుకి 60, ఆపైన 50 దగ్గర స్థిరపడ్డాను. 90 పెట్టి చూస్తే బండి ముక్కు వంచి దణ్ణం పెట్టింది, కాలని పెట్రోలు సైలెన్సర్లో పేలింది. చూసేవాళ్లకు సరదాగా ఉంటుంది గానీ సైలెన్సర్ లోపలి ఊలుకి మంచిది కాదు.

16వ వారం

ఇక స్టీరింగ్ మీద పాడిల్స్, అంటే వేళ్లతో గేరు మార్చే మీటలు. ఇది అవసరమా అంటే, కాదు. కేబుల్ లివర్ చక్కగా పనిచేస్తోంది. కానీ మలుపు మధ్యలో స్టీరింగ్ వదలకుండా గేరు వెయ్యాలనే కోరిక ఏడాదిగా ఉంది.

12 వోల్టుల చిన్న కంప్రెసర్, ఒక లీటరు ట్యాంకు, గాలితో షిఫ్ట్ ఆర్మ్‌ను కదిపే 25 మిల్లీమీటర్ల బోరు సిలిండర్. 6 బార్ దగ్గర తోసే వైపు 295 న్యూటన్లు వస్తాయి. లాగే వైపు 10 మిల్లీమీటర్ల రాడ్డు చోటు తినేస్తుంది కాబట్టి 247. కేబుల్లా ఇది తోస్తే నలిగేది కాదు గనక బలమైన వైపును పై గేర్లకు ఇచ్చాను. సిలిండర్‌ను కూడా ఇంజిన్ కేసు మీదే బిగించాను, ఆ పాఠం ఒకసారి చాలు. 40 మిల్లీమీటర్ల స్ట్రోకుకి లెక్క కడితే, కంప్రెసర్ చచ్చిపోయినా ట్యాంకు 8 నుంచి 5 బార్‌కి దిగేలోపు 20కి పైగా గేర్లు వస్తాయి. గరాజుకి చేరడానికి అది చాలు.

మొదటి రోజు ఒక గేరు పడింది, రెండోది పడలేదు. మూడోది కూడా. వాల్వు టిక్‌టిక్‌మంటోంది, గాలి వస్తోంది, గేరు మాత్రం అక్కడే. రెండు సాయంత్రాలు వైరింగులో వెతికాను. తప్పు వాల్వు ఎంపికలో ఉంది. నేను కొన్నది రెండు స్థానాల వాల్వు, ఎప్పుడూ సిలిండర్‌లో ఏదో ఒక వైపు గాలి నిండే ఉంటుంది. బైకు గేరు యంత్రాంగం ఒక్కో గేరుకీ ఒక్కో తాపు తన్ని, మళ్లీ మధ్యకి తిరిగొచ్చి తర్వాతి పంటిని అందుకుంటుంది. నా సిలిండర్ ఆర్మ్‌ను చివర్లోనే నొక్కి పట్టుకుంటే మధ్యకి ఎలా వస్తుంది? మూడు స్థానాల వాల్వు, మధ్యలో ఉన్నప్పుడు రెండు వైపులా గాలి వదిలేసే రకం తెచ్చి పెట్టాక షిఫ్ట్ షాఫ్టు స్ప్రింగు తనే ఆర్మ్‌ను మధ్యకి తెచ్చుకుంటోంది.

గేర్ పొజిషన్ సెన్సర్ ఇంజిన్‌కి ముందే ఉంది, ఒక్కో గేరుకీ ఒక్కో వోల్టేజి ఇస్తుంది. కంట్రోలర్ దాన్ని చూసి, కొత్త గేరు పడిందని తెలియగానే గాలి వదిలేస్తుంది. స్పార్కు కూడా అప్పుడే తిరిగొస్తుంది. కాబట్టి మొన్న అంత కష్టపడి పెట్టిన మిల్లీసెకన్ల పట్టిక ఇప్పుడు గరిష్ఠ హద్దుగా మాత్రమే మిగిలింది.

కింది గేర్లకు థ్రాటిల్ బ్లిప్, అంటే ఇంజిన్ వేగం పెంచడానికి ఒక్క క్షణం థ్రాటిల్ తెరవడం, కావాలి, దానికి ఇంకో బుల్లి సిలిండర్ థ్రాటిల్ కేబుల్‌ను లాగుతుంది. ఇక్కడ భయపడాల్సిన సంగతి ఒకటుంది. మూడులో 9000 దగ్గర రెండు అడిగితే ఇంజిన్ 10800కి పోతుంది, పర్లేదు. రెండులో 11000 దగ్గర పొరపాటున ఒకటి అడిగితే 13700. రెడ్‌లైన్ (ఇంజిన్ వేగానికి హద్దు) దాటేస్తుంది, ఆ హద్దు దగ్గర ఇంజిన్‌ను ఆపే లిమిటర్ ఏమీ చెయ్యలేదు, ఎందుకంటే తిప్పేది చక్రాలు. చేతి లివర్‌తో అయితే ఆ తప్పు చెయ్యడానికి కొంచెం శ్రమ పడాలి, పాడిల్‌కి వేలు తగిలితే చాలు. అందుకే గేరు పడ్డాక ఇంజిన్ 12000 మించేటట్టుంటే కంట్రోలర్ ఆ నొక్కును పట్టించుకోకుండా పెట్టాను. వేగం తగ్గాక మళ్లీ నొక్కాల్సిందే. నొక్కును గుర్తుపెట్టుకుని తర్వాత వేసే సదుపాయం కూడా ఉంది. మలుపు మధ్యలో ఎప్పుడో తన ఇష్టానికి గేరు వేసే బండి నాకొద్దు.

18వ వారం

ట్రాక్ మీద అయిదు సెషన్లు. రెండో గేరు ఒక్కసారీ ఊడలేదు. క్లచ్ పెడల్ బయల్దేరడానికి, ఆగడానికి మాత్రమే తొక్కాను. ఆ ఎడమ కాలు ఖాళీగా కూర్చోలేక రెండుసార్లు బ్రేకు మీదికి పోయింది, దానికి వేరే అలవాటు కావాలి.

తేలిన లోపాలు: నాలుగు నుంచి మూడుకి బ్లిప్ కాస్త ఆలస్యం, వెనక చక్రాలు ఒక్క క్షణం బిగుసుకుని కీచుమంటున్నాయి. బ్లిప్ మొదలయ్యాక 30 మిల్లీసెకన్లు ఆగి గేరు సిలిండర్‌కి గాలి ఇచ్చేలా మార్చి చూడాలి. కంప్రెసర్ బ్రాకెట్ వెల్డింగు దగ్గర వెంట్రుకంత పగులు. క్లచ్ కేబుల్ వదులు 3 మిల్లీమీటర్లు పెట్టింది 2కి వచ్చింది, మళ్లీ 3కి తెచ్చాను.

మూత తీసి ప్లేట్లు కొలిచాను. ఫ్రిక్షన్ ప్లేట్ల మందంలో వెర్నియర్‌కి తేడా దొరకలేదు. స్టీలు ప్లేట్లను అద్దం మీద పెట్టి ఫీలర్ గేజ్ దూర్చితే 0.05 కూడా దూరలేదు, ఒక్కటి కూడా నీలం తిరగలేదు. గట్టి స్ప్రింగుల సెట్టు అటకమీద డబ్బాలో ఉంది, ఎవరైనా అడిగితే ఇవ్వను.